ఆద్యను బడికి నడిపిద్దామనుకుంటున్న శ్రావణికి

చిరంజీవి శ్రావణికి, పెద్దమ్మ దీవెనలు.

ఆద్యకు ఆటో మాన్పించి బడికి నడిపిద్దామని ఉందనీ, ధైర్యం చాలడం లేదనీ రాశావు. హైదరాబాద్ నల్లకుంటలో మీ ఇంటి నుంచి బడి కిలోమీటరు కూడా ఉండదు. మొదలుపెట్టు తల్లీ. ఇన్నేళ్లు పీఈటీగా గ్రౌండ్‌లో పిల్లల్ని చూసి చెప్తున్నాను. ఐదో తరగతికొచ్చినా ఒంటికాలి మీద నిలబడమంటే పక్కవాళ్ల భుజం పట్టుకుంటున్నారు. పరుగెత్తుతూ ఆగమంటే ముందుకు తూలిపోతున్నారు. వాళ్లలో లోపమేమీ లేదు. గుమ్మం ముందు ఆటో ఎక్కి గేటు ముందు దిగే పిల్లలకు గుంతలు, గట్లు, పక్కనుంచి దూసుకొచ్చే బండ్లు కాలికీ కంటికీ ఎప్పుడు అలవాటవుతాయి? ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. గేమ్స్ పీరియడ్‌తో అది తీరేది కాదు. రోజూ వెళ్లిరావాల్సిన దారిలోనే అది దొరకాలి.

నీ భయమూ న్యాయమైనదే. వచ్చే బండి దూరం ఎనిమిదేళ్ల పిల్లకు తెలుస్తుంది కానీ, వేగం సరిగ్గా అందదు. ఎంత తెలివైన పిల్లయినా అంతే, ఆ అంచనా కుదరాలంటే ఇంకా కొన్నేళ్లు పడుతుంది. కాబట్టి మెయిన్ రోడ్డు నువ్వే దాటించు. గల్లీలు మాత్రం ఇప్పటి నుంచే తనకు అప్పగించు.

ముందు కొన్నాళ్లు నువ్వు దాటిస్తూ పైకి మాట్లాడు. ‘కుడివైపు చూశాను, స్కూటీ వస్తోంది, పోనిచ్చాను. ఎడమవైపు చూశాను, మళ్లీ కుడి చూశాను, ఇప్పుడు పద’ అని. తర్వాత ‘ఈ రోజు నువ్వే నన్ను దాటించు’ అను. గల్లీ మలుపులో ఆగుతుంది. ఆగి ఉన్న కారు పక్కనుంచి మెడ చాచి చూస్తుంది. బండి పోయాక కూడా ఇంకోసారి అటూ ఇటూ చూసి, అప్పుడు నీ చెయ్యి లాగుతుంది. నీకు ఖాళీ కనిపించినా తనకు కనిపించకపోతే ఆగు, తొందరపెట్టకు. పొరపాటు అడుగు పడబోతే పట్టుకోవాలి కదా, వేళ్లు కాదు, మణికట్టు పట్టుకుని నడువు.

మన ఊళ్లో ఇంకో సంగతి ఉంది. డివైడర్ ఉన్నా, వన్‌వే అయినా రాంగ్ రూట్‌లో బండ్లు వస్తాయి. రెండు వైపులా చూడటం ఎక్కడా మానకూడదు. ఫుట్‌పాత్ లేనిచోట ఎదురొచ్చే బండ్లు కనిపించేలా కుడివైపు నడవాలి. కుక్కలు మొరిగితే పరుగెత్తకూడదు. వానకు నీళ్లు నిలిచిన రోజు మాత్రం ఆటోలోనే పంపు. ఆ నీళ్ల కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉందో లేదో పెద్దవాళ్లకే తెలియదు.

బ్యాగు కూడా ఒకసారి తూచు. పిల్ల బరువులో పదో వంతు మించకూడదని 2020 స్కూల్ బ్యాగ్ పాలసీలోనే ఉంది. పాతిక కిలోల ఆద్యకు రెండున్నర కిలోలు. మించితే టీచర్‌తో మాట్లాడు, మొహమాటపడకు.

ఇక సైకిల్. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ వేశారు. ఓ ఆదివారం తీసుకెళ్లు, బాగుంటుంది. కానీ కారెక్కి వెళ్లి తొక్కి రావడం షికారు. కొత్తిమీర కట్టకో పాల ప్యాకెట్‌కో సైకిల్ తీయాలి, నేను కోరేది అది.

పెరుగుతుంది కదా అని పెద్ద సైకిల్ కొనకు. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి. పక్క చక్రాలు వద్దు, అవి ఉంటే ఒళ్లు ఒరిగించి బ్యాలెన్స్ చేయడం రాదు. షాపులోనే పెడల్స్ ఊడదీయించి, మీ సెల్లార్‌లో నేలను కాళ్లతో నెట్టుకుంటూ తిరగనివ్వు. రెండు కాళ్లూ ఎత్తి కాస్త దూరం పోగలిగాక పెడల్స్ బిగించు. తర్వాత రెండు బ్రేకులూ కలిపి పట్టడం. ఆ తర్వాత చాలామంది నేర్పనిది, వెనక్కి చూడటం. భుజం మీదుగా చూడగానే హ్యాండిల్ అటే తిరిగిపోతుంది. నువ్వు వెనకాల నిలబడి వేళ్లు చూపించు. గీత తప్పకుండా తొక్కుతూ ఎన్ని వేళ్లో చెప్పగలగాలి. అది వచ్చేదాకా గేటు దాటనివ్వకు. నెదర్లాండ్స్‌లో పది పన్నెండేళ్ల పిల్లలకు బడిలోనే ట్రాఫిక్ పరీక్ష పెట్టి, నిజం రోడ్డు మీద సైకిల్ తొక్కించి చూస్తారు. మనకు అది లేదు కనుక ఆ పరీక్ష నువ్వే పెట్టాలి. హెల్మెట్ సెల్లార్‌లో కూడా ఉండాల్సిందే.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. పెద్దమనిషి అయిందని రేపు ఆ సైకిల్ మూలన పెట్టించకు. మంచి ఆటగత్తెలు సరిగ్గా ఆ వయసులోనే గ్రౌండ్‌కు రావడం మానేస్తుంటే ఏమీ చేయలేక చూశాను. ఆ బాధ నాకింకా ఉంది.

మీ అత్తయ్యగారు ఒప్పుకోరన్నావు. ఆవిడతో వాదించకు. సాయంత్రం బడి విడిచే వేళకు ఆవిడనే పంపు, గల్లీలు దాటించే పని ఆద్యకివ్వు. మోకాళ్ల నొప్పులైతే దారిలో ఎక్కడ కూర్చోవచ్చో ముందే చూసి చెప్పు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ