ఇరవై ఐదో గీత

పోయిన నెల తిరుపతిలో అమ్మ దగ్గర ఉన్నాను. రాత్రి ఎనిమిదికి దోసెలు వేస్తుంటే డాలస్ నుంచి మా పిన్ని కొడుకు వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. వాడిది చిత్తూరు, అమెరికా పోయి నాలుగు నెలలు. ఫొటోలో సెమాగ్లూటైడ్ చిన్న సీసా (షుగరుకు, బరువు తగ్గడానికి వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్ మందు), పక్కన ఇన్సులిన్ సిరంజి. కింద ఒకటే ప్రశ్న: "అక్కా, 0.25 వేసుకోమన్నారు. 25 గీత దాకా లాగాలి, అంతే కదా?"

పొయ్యి ఆపి వెంటనే ఫోన్ చేశాను. "ముందు ఆ సూది కింద పెట్టు నాయనా" అన్నాను. 2023లో నేనూ సరిగ్గా అదే పని చేశాను మరి.

అప్పట్లో అమెరికాలో సెమాగ్లూటైడ్ పెన్నులకు (కంపెనీ మందు నింపి ఇచ్చే ఇంజెక్షన్ పెన్నులు) కొరత. డాక్టర్ కాంపౌండింగ్ ఫార్మసీకి, అంటే మందును తామే కలిపి తయారుచేసే ఫార్మసీకి రాశారు. వాళ్ళు సీసా, సిరంజిలు ఇంటికి పంపారు. కాగితం మీద "వారానికి 0.25" అని మాత్రమే ఉంది. 0.25 ఏమిటి? మిల్లీగ్రామా, మిల్లీలీటరా? నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. సిరంజి మీద 25 కనబడింది, అక్కడిదాకా లాగేశాను. ఆ సీసాలో మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల మందు ఉంది. ఆ 25 గీత అంటే 25 యూనిట్లు, పావు మిల్లీలీటరు, అంటే 1.25 మిల్లీగ్రాములు. వేసుకోవాల్సింది 0.25 మిల్లీగ్రాములు, దానికి ఐదింతలు! శనివారం వేసుకుంటే బుధవారం దాకా మంచినీళ్ళు కూడా కడుపులో నిలవలేదు. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది, కాబట్టి ఒకసారి ఎక్కువైతే వెనక్కి తీసుకునే దారి లేదు.

ఇది నా ఒక్కదాని తెలివితక్కువతనం కాదని తర్వాత తెలిసింది. 2024 జులైలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి సీసాల గురించే హెచ్చరిక ఇచ్చింది. కొందరు 5 నుంచి 20 రెట్లు ఎక్కువ వేసుకుని ఆసుపత్రి పాలయ్యారట.

నేను ఫోన్‌లో ఈ లెక్క చెబుతుంటే అమ్మ వింటోంది. పూతలపట్టు దగ్గర మా ఊళ్ళో ఏళ్ళ తరబడి పాల కేంద్రానికి పాలు పోసిన మనిషి. "ఇందులో అర్థం కానిదేముంది? లీటరు ఎవురు పోసినా లీటరే. వెన్న శాతం చూసి కదా దుడ్లిచ్చేది" అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను. సిరంజి మీద గీత అంటే పాల కొలత. మిల్లీగ్రాము అంటే అందులో వెన్న. బర్రెపాలు లీటరు, జెర్సీ ఆవుపాలు లీటరు ఒకే క్యాన్‌లో పడతాయి గానీ వెన్న ఒకటి కాదు.

అమెరికాలో ఇచ్చే ఇన్సులిన్ సిరంజి మీద వంద యూనిట్లంటే ఒక మిల్లీలీటరు. ఆ యూనిట్లు ఇన్సులిన్ కోసం పెట్టినవి, మన మందు బలం వాటికి తెలీదు. కాబట్టి సీసా చేతికి రాగానే ఫార్మసిస్టుకు ఫోన్ చేసి మూడు అంకెలు అడగండి: నా డోసు ఎన్ని మిల్లీగ్రాములు, సీసాలో మిల్లీలీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు, ఈ సిరంజి మీద ఎన్ని యూనిట్ల గీత. మూడూ వాళ్ళ నోటితోనే చెప్పించుకుని లేబుల్ మీద పెన్నుతో రాసుకోండి. మన ఇంగ్లీషుకు నవ్వుతారేమోనని మొహమాటపడి "ఓకే ఓకే" అనకండి. కొత్తగా వచ్చిన మనవాళ్ళు దెబ్బతినేది అక్కడే. రీఫిల్ వచ్చిన ప్రతిసారీ మళ్ళీ అడగాలి, కొత్త సీసా బలం వేరే ఉండొచ్చు.

సిరంజి కూడా చూసుకోవాలి. ఒక మిల్లీలీటరు సిరంజిలో సాధారణంగా ఒక్కో గీత రెండు యూనిట్లు. ఐదు యూనిట్లు లాగాలంటే నాలుగుకూ ఆరుకూ మధ్య ఊహించుకోవాలి. ముప్ఫై యూనిట్ల చిన్న సిరంజి అడిగితే ఆ తిప్పలుండవు. కళ్ళకు ఎదురుగా పట్టుకుని, సూది వైపున్న రబ్బరు అంచు ఏ గీత మీద ఉందో చూడాలి. గాలి బుడగ ఉంటే వేలితో తట్టి, గాలిని సీసాలోకి తోసి మళ్ళీ లాగాలి. చిన్న బుడగ వల్ల ప్రాణభయం లేదు గానీ అది మందు చోటు తినేస్తుంది.

కంపెనీ పెన్ను దొరికి, ఇన్సూరెన్స్ ఒప్పుకుంటే అదే మేలు, లెక్కల గొడవ తగ్గుతుంది. ఇలాంటిదే ఇంకో మందు టిర్జెపటైడ్. దాన్ని కంపెనీ వాళ్ళే ఒక్క డోసు సీసాల్లోనూ ఇస్తారు. 2.5 మిల్లీగ్రాములదైనా, 5 మిల్లీగ్రాములదైనా అర మిల్లీలీటరే. చూశారా, అదే పాల లెక్క. పరిశోధనకు మాత్రమే అని రాసి ఆన్‌లైన్‌లో అమ్మే పౌడర్ సీసాల జోలికి మాత్రం వెళ్ళొద్దు. నీళ్ళు కలిపే లెక్క మీరు సరిగ్గా వేసినా, లోపల నిజంగా ఏముందో మీకెలా తెలుస్తుంది?

డోసు పెంచడంలో తొందర వద్దు. ఒక్కో మెట్టు మీద కనీసం నాలుగు వారాలుండాలి, అదీ డాక్టర్ చెబితేనే పైకి. అలిపిరి మెట్లెక్కేటప్పుడు పరుగెత్తిన కుర్రాళ్ళే గాలిగోపురం దగ్గర కూలబడతారు. పొరపాటున ఎక్కువ వేసుకుంటే "చూద్దాంలే" అని పడుకోకండి. అమెరికాలో పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222, పగలూ రాత్రీ పలుకుతారు. వాంతులు ఆగకపోయినా, కడుపునొప్పి వీపులోకి పాకుతున్నా నేరుగా ఎమర్జెన్సీకే.

ఇంకో మాట. సెలవులకు ఊరికొస్తే "మీ మామకూ ఒక డోసు వెయ్యమ్మా" అంటారు. మా ఇంట్లోనూ అన్నారు. సూది మార్చినా ఒకరి పెన్ను ఇంకొకరు వాడకూడదు. పైగా మామ షుగరుకు గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుంటారు. దానికి ఇది తోడైతే షుగరు మరీ పడిపోవచ్చు. తిరుపతి ఎండకు కారులో వదిలేసినా మందు పాడవుతుంది, ఫ్రీజర్‌లో గడ్డకట్టినా పనికిరాదు. సాధారణంగా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచాలి.

పది దాటాక మావాడు మళ్ళీ ఫోన్ చేశాడు. ఫార్మసీకి చేసి అడిగాడట. వాడి సీసాలో మిల్లీలీటరుకు 2.5 మిల్లీగ్రాములు, అంటే 0.25 మిల్లీగ్రాములకు పది యూనిట్లు. నాకప్పట్లో ఐదు యూనిట్లు కావాల్సింది, వాడికి పది, డోసు మాత్రం ఒకటే. కాసేపటికి ఫొటో వచ్చింది. రబ్బరు అంచు సరిగ్గా పది మీదే ఉంది. మధ్యలో మాత్రం ఆవగింజంత బుడగ. "బుడగ తీసి మళ్ళీ పంపు" అని పెట్టాను.