జాగ్రఫీ తీసుకుంటానంటున్న అమ్మాయికి ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది కరీంనగర్. మా పాప సీబీఎస్ఈలో పదో తరగతికి వచ్చింది. అట్లాస్ ఇస్తే గంటలు గంటలు చూస్తుంది. తొమ్మిదిలో నదులు, పర్వతాలు, రుతుపవనాలు ఇష్టంగా చదివి మంచి మార్కులు తెచ్చుకుంది. ఈ ఏడాది పంటలు, గనులు, పరిశ్రమలు వచ్చేసరికి బట్టీ కొట్టలేకపోతున్నానని ఏడుస్తోంది. అయినా ఇంటర్‌లో జాగ్రఫీయే తీసుకుంటానంటోంది. మేమేమో ఎంపీసీ అనుకున్నాం. కలెక్టర్ పరీక్ష రాసేవాళ్లకి తప్ప జాగ్రఫీ ఎవరికి పనికొస్తుందని మా వాళ్లంతా అంటున్నారు. వద్దని చెప్పమంటారా?

జవాబు: అమ్మా, అప్పుడే వద్దనకండి. అలాగని సరే అని కూడా అనకండి. ఇక్కడ రెండు విషయాలున్నాయి. పదిలో ఈ సబ్జెక్టు ఎలా చదవాలన్నది ఒకటి, ఇంటర్‌లో ఏం తీసుకోవాలన్నది రెండోది. మొదటిది తేలితే గానీ రెండోది తేలదు. ఎందుకంటే పాపకి ప్రస్తుతం నచ్చింది సగం జాగ్రఫీయే. పైచదువుల్లో గానీ ఉద్యోగాల్లో గానీ అడిగేది ఎక్కువగా ఆ రెండో సగాన్ని, అది కూడా మొదటి సగంతో ముడిపెట్టి.

పాప తప్పేం లేదు. దేశ స్వరూపం, నదులు, వాతావరణం తొమ్మిదిలో పెట్టి, నేలలు, నీరు, వ్యవసాయం, ఖనిజాలు, పరిశ్రమలు పదిలో పెట్టారు. మధ్యలో ఎండాకాలం సెలవులు. పిల్లలు తొమ్మిదో తరగతి పుస్తకాన్ని పాత పుస్తకాల వాడికి వేసేసి కొత్తది మొదలుపెడతారు. దాంతో పదిలో వచ్చే పేర్లన్నీ గాల్లోంచి ఊడిపడ్డట్టుంటాయి. పాప పాత పుస్తకం ఇంట్లో ఉంటే బయటికి తీయించండి. పరీక్షకి ముందు రోజు దాకా అది బల్ల మీదే ఉండాలి.

మీకు గంటన్నర దూరంలో రామగుండం ఉంది కదా, దాంతోనే మొదలుపెడదాం. మ్యాప్‌లో గుర్తించాల్సిన థర్మల్ కేంద్రాల్లో అదొకటి. బట్టీ పట్టేవాళ్లకి అదొక చుక్క, పక్కన ఒక పేరు, అంతే. పాపని ఇలా అడగండి: అంత పెద్ద కేంద్రాన్ని కరెంటు ఎక్కువ వాడే హైదరాబాద్ పక్కన పెట్టకుండా అక్కడెందుకు పెట్టారు? గోదావరి లోయ పొడవునా గోండ్వానా అనే చాలా పాత శిలలున్నాయి, వాటిలో సింగరేణి బొగ్గు ఉంది. బొగ్గును రోజూ వందల వ్యాగన్లలో మోయడం కంటే గని పక్కనే కాల్చి కరెంటును తీగల మీద పంపడం చౌక. బాయిలర్‌కీ, చల్లబరచడానికీ బోలెడు నీళ్లు కావాలి, పక్కనే గోదావరి ఉంది. శిలలు, నది తొమ్మిదో తరగతి పాఠం. బొగ్గు, కరెంటు, రవాణా ఖర్చు పదో తరగతి పాఠం. ఈ రెండూ కలిస్తేనే 2,600 మెగావాట్ల ఆ ఎన్టీపీసీ కేంద్రం అక్కడెందుకుందో అర్థమవుతుంది. ఒకసారి అర్థమైతే పేరు గుర్తుపెట్టుకోవడానికి వేరే కష్టపడక్కర్లేదు.

అదే ఊళ్లో ఎరువుల ఫ్యాక్టరీ కూడా ఉంది. పాతది బొగ్గుతో నడిచేది, 1999లో మూతపడింది. దాని స్థానంలో కొత్తగా కట్టింది పైపులైన్‌లో వచ్చే గ్యాస్‌తో నడుస్తోంది. ముడిసరుకు మారినా చోటు మారలేదు. ఎందుకు మారలేదో పాపనే ఆలోచించనివ్వండి. భూమి, నీళ్లు, రైలు, టౌన్‌షిప్ అన్నీ అప్పటికే అక్కడ ఉన్నాయని తనే పట్టుకుంటే, ఆర్థిక భూగోళం మొదలైనట్టే.

పంటల దగ్గర కూడా ఇదే పద్ధతి. పత్తికి 210 రోజులు మంచు గడ్డకట్టని వాతావరణం కావాలని పుస్తకంలో ఉంటుంది. పిల్లలు ఆ 210ని ఫోన్ నంబర్‌లా బట్టీ కొడతారు. అదే పేరాలో పత్తి చేతికి రావడానికి ఆరు నుంచి ఎనిమిది నెలలు పడుతుందని కూడా ఉంటుంది. 210 రోజులంటే ఏడు నెలలు. చేను ఉన్నన్నాళ్లూ మంచు తగలకూడదన్నమాట, అంతకుమించి ఏం లేదు. ఇక నల్లరేగడి ఎందుకంటే, దక్కన్‌లో పారిన లావా నుంచి వచ్చిన ఆ నేల తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి. జమ్మికుంట మార్కెట్‌కి పత్తి బండ్లు వచ్చే రోజుల్లో ఒకసారి పాపని తీసుకెళ్లండి. ఏ నెలలో విత్తారు, ఎన్నిసార్లు ఏరారు, తేమ ఉందని రేటు ఎంత తగ్గించారు అని రైతునే అడగమనండి. ట్యూషన్‌లో ఆ మాటలు ఎవరూ చెప్పరు.

ఇంట్లో చేయించాల్సిన పని ఒకటుంది. స్టేషనరీ షాపులో ట్రేసింగ్ పేపర్లు నాలుగు కొనండి. నాలుగింటి మీదా ఒకే సైజులో భారతదేశం సరిహద్దు గీయించండి. ఒకదాని మీద కొండలు, నదులు. రెండోదాని మీద వర్షపాతం. మూడోదాని మీద బొగ్గు, ఇనుప ఖనిజం, బాక్సైట్. నాలుగోదాని మీద ముఖ్యమైన రైలు మార్గాలు, ఓడరేవులు. తర్వాత ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించి చూడమనండి. ఉక్కు కర్మాగారాలు ఎక్కడ ఉండొచ్చో పుస్తకం చూడకుండా చుక్కలు పెట్టమనండి. ఆ తర్వాత అట్లాస్ తీసి పోల్చాలి. జంషెడ్‌పూర్, భిలాయ్, రూర్కెలా, దుర్గాపూర్‌లకి దగ్గర్లోనే చుక్కలు పడతాయి, ఎందుకంటే ఛోటానాగ్‌పూర్ చుట్టుపక్కలే బొగ్గూ ఇనుమూ దగ్గర దగ్గరగా ఉన్నాయి.

ఒక్క విశాఖపట్నం మాత్రం లెక్కకి అందదు. అసలు మజా అక్కడే. ఆ ప్లాంటుకి సొంత ఇనుప గని లేదు, దగ్గర్లో కోకింగ్ బొగ్గు (ఉక్కు తయారీకి కావాల్సిన రకం) లేదు. ఇనుప ఖనిజం ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా కొండల నుంచి తూర్పు కనుమల సొరంగాలు దాటుకుంటూ రైల్లో వస్తుంది. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా వెళ్లే ఆ లైను 1960ల్లో జపాన్‌కి ఖనిజం ఎగుమతి చేయడం కోసం వేసింది. అరకు వెళ్లేటప్పుడు మనం కిటికీలోంచి ఫొటోలు తీసుకునేది ఆ లైను మీదే. కోకింగ్ బొగ్గు ఓడల్లో విదేశాల నుంచి దిగుతుంది. ఓడలకి రేవు కావాలి. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఉన్న విశాఖ రేవు 1933 నుంచీ నడుస్తోంది. ఇవన్నీ చెప్పాక కూడా జవాబు పూర్తి కాదు. 1966లో 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అని జనం రోడ్డెక్కకపోతే ఆ ప్లాంటు అక్కడికి వచ్చేదా? ప్రకృతి అవకాశం ఇస్తుంది, నిర్ణయం మాత్రం మనుషులు తీసుకుంటారు. హుగ్లీ ఒడ్డున జనపనార మిల్లులు మనకి మిగిలి, జనపనార పొలాల్లో ఎక్కువ భాగం 1947లో తూర్పు పాకిస్తాన్‌కి పోవడం కూడా అలాంటిదే. కర్ణాటకలోని కుద్రేముఖ్‌లో ఖనిజం అయిపోకుండానే తవ్వకాలు ఆగిపోయాయి. అది జాతీయ పార్కు కావడంతో సుప్రీంకోర్టు ఆదేశం ప్రకారం 2005 చివరికి ఆపేశారు. గని పేరు మాత్రం పుస్తకాల్లో అలాగే ఉంది!

ఇలా నాలుగు కాగితాలు పేర్చి చూడటాన్నే కంప్యూటర్‌లో చేస్తే జీఐఎస్ అంటారు. ఆ మాట మీ వాళ్లకి కూడా చెప్పండి, కాస్త మెత్తబడతారు.

మార్కుల సంగతి రెండు మాటల్లో చెప్తాను. పదో తరగతి సోషల్ 80 మార్కుల పేపర్లో జాగ్రఫీకి 20, అందులో మ్యాప్‌కి 3. వాటి కోసం రాత్రిళ్లు టెన్షన్ పడాల్సిన పనిలేదు. అట్లాస్ మాత్రం కొత్తది కొనండి. 2019లో జమ్మూ కశ్మీర్, లడఖ్ వేరయ్యాయి. 2020లో దాద్రా నగర్ హవేలీ, డామన్ డయ్యూ కలిసిపోయాయి. అన్నయ్య వాడిన పాత అట్లాస్‌లో ఇవి ఉండవు.

ఇక ఇంటర్ విషయం. కలెక్టర్ పరీక్షకి జాగ్రఫీ పనికొస్తుందన్న మాట నిజమే. సివిల్స్ ప్రిలిమ్స్‌లో ఉంది, మెయిన్స్ జనరల్ స్టడీస్‌లో ఉంది, ఆప్షనల్‌గా తీసుకుంటే 1,750లో 500 మార్కులు దానివే. గ్రూప్స్‌లోనూ అడుగుతారు. కానీ రాసినవాళ్లలో అత్యధికులకి రాని ఉద్యోగాన్ని లెక్కలో పెట్టుకుని పదిహేనేళ్ల పిల్ల సబ్జెక్టు ఎంచుకోవడం నాకు నచ్చదు. వస్తే సంతోషం. దాన్నే పునాది చేసుకోకూడదు.

నా సలహా ఒక్కటే: జాగ్రఫీ తీసుకున్నా తీసుకోకపోయినా మ్యాథ్స్ మాత్రం వదలొద్దు. ఈ రంగంలో దారులు ఎక్కువగా మూసుకుపోయేది అక్కడే. రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహ చిత్రాలతో భూమిని పరిశీలించడం), సర్వే, జీఐఎస్, నగర ప్రణాళిక, ఎకనామిక్స్, ఏ వైపు వెళ్లినా లెక్కలు, స్టాటిస్టిక్స్ అడుగుతారు. సీబీఎస్ఈ పదకొండులో మ్యాథ్స్, ఎకనామిక్స్, జాగ్రఫీ మూడూ కలిపి ఇచ్చే స్కూల్ దొరికితే పాపకి అంతకంటే మంచిది లేదు. అక్కడ జాగ్రఫీలో 30 మార్కులు ప్రాక్టికల్స్‌కే ఉంటాయి, మ్యాపులు గీసే పిల్లకి అది వరం. స్టేట్ ఇంటర్‌లో జాగ్రఫీ చెప్పే కాలేజీలు చాలా తక్కువ. పుస్తకంలో సబ్జెక్టు ఉండి, చెప్పే లెక్చరర్ లేని చోట చేర్పించడం కంటే ఎంపీసీయో ఎంఈసీయో చదివి డిగ్రీలో జాగ్రఫీ వైపు రావడం నయం.

డిగ్రీ దగ్గర దారులు ఇలా ఉంటాయి. కేంద్రీయ యూనివర్సిటీల్లో జాగ్రఫీ ఆనర్స్‌కి సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఉస్మానియా, ఆంధ్రా, శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీల్లో జాగ్రఫీ విభాగాలున్నాయి. నగర ప్రణాళికలో బీ-ప్లానింగ్ అని నాలుగేళ్ల కోర్సుంది. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో చదవొచ్చు. దానికి జేఈఈ మెయిన్‌లో 2బి అనే వేరే పేపర్ రాయాలి. ఇంటర్‌లో మ్యాథ్స్ ఉండాలి, కాబట్టి ఎంఈసీ పిల్లలకి కూడా వీలుంటుంది. ఆ ఏడాది బ్రోచర్ మాత్రం ఒకసారి చూసుకోండి. ఆ పేపర్లో ప్లానింగ్ భాగానికిచ్చిన సిలబస్‌లో వనరులు, వ్యవసాయం, నీరు, ఖనిజాలు, పరిశ్రమలు ఉన్నాయి. పాప ఇప్పుడు ఏడుస్తూ చదువుతున్న పాఠాలే అవి! సివిల్ ఇంజినీరింగ్ చేసి కూడా ఇటు రావొచ్చు. ఇంజినీరింగ్ పీజీకి రాసే గేట్ పరీక్షలో జియోమాటిక్స్ (భూమిని కొలిచి మ్యాపులు తయారుచేసే శాస్త్రం) అని 2022 నుంచి ప్రత్యేకంగా పేపర్ పెట్టారు.

ఉద్యోగాల విషయంలో మీరు అదృష్టవంతులు, ఈ రంగంలో పెద్ద సంస్థలు కొన్ని హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఉపగ్రహ చిత్రాలతో పనిచేసే ఇస్రో వారి ఎన్‌ఆర్‌ఎస్‌సీ బాలానగర్‌లో ఉంది. సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉప్పల్‌లో ఉంది. చేపలు ఎక్కడ దొరుకుతాయో మత్స్యకారులకి చెప్పే, సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ ప్రగతినగర్‌లో ఉంది. మ్యాపుల డేటా మీద ప్రైవేటు కంపెనీలకి ఉన్న ఆంక్షలు 2021లో సడలించారు, ఆ తర్వాత డ్రోన్ సర్వేలు, మ్యాపింగ్ పనులు పెరిగాయి. కానీ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఉత్త బీఏ జాగ్రఫీతో, చేతిలో ఏ సాఫ్ట్‌వేరూ లేకుండా వస్తే మొదట దొరికేది స్క్రీన్ మీద రోడ్లు, ఇళ్లు గీసే పని. జీతం తక్కువ, ఎదుగుదల నెమ్మది. పీజీ, కొంచెం ప్రోగ్రామింగ్, స్టాటిస్టిక్స్ ఉన్నవాళ్ల సంగతి వేరు. బీఈడీ చేసి సోషల్ టీచర్ అవ్వడం ఇంకో దారి. ఆ పని ఇష్టమైతే మంచిదే గానీ, డీఎస్సీ కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసే ఓపిక ఉండాలి.

కాబట్టి ఇప్పుడే తేల్చకండి. అర్ధ సంవత్సరం పరీక్షల దాకా ట్రేసింగ్ కాగితాల పద్ధతిలో చదవనివ్వండి. ఇనుము, బొగ్గు, పత్తి పాఠాలు అప్పటికి పాపకి నచ్చడం మొదలైతే, తన ఇష్టం అట్లాస్ రంగులు దాటి లోపలికి వెళ్లినట్టు. నచ్చకపోతే తనకి నచ్చింది కొండలు, శిలలు, వాతావరణమేమో చూడండి. అప్పుడు జియాలజీ, మెటియరాలజీ వైపు ఆలోచించాలి. వాటికి ఫిజిక్స్, కెమిస్ట్రీ కావాలి కాబట్టి మీరనుకున్న ఎంపీసీయే సరైన దారవుతుంది. ఎలా చూసినా మీకు పోయేదేం లేదు.

ఈలోపు మీ చుట్టుపక్కల సీబీఎస్ఈ స్కూళ్లకి వెళ్లి, పదకొండులో మ్యాథ్స్‌తో పాటు జాగ్రఫీ ఇస్తారా, టీచర్ ఉన్నారా, కిందటేడు ఎంతమంది పిల్లలు తీసుకున్నారు అని అడిగి రండి. మూడో ప్రశ్నకి జవాబు తడబడితే ఆ స్కూల్ పక్కన పెట్టేయండి. దసరా సెలవులు రాగానే కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు సీటు బుక్ చేసుకోండి, ఫీజులో రాయితీ అంటూ ఫోన్లు మొదలుపెడతారు. అడ్వాన్స్ ఒక్క రూపాయి కూడా కట్టకండి, జనవరిలో చూద్దామని చెప్పి పెట్టేయండి.