తెలంగాణలో అడవి, గుట్ట, చెరువు మధ్య పక్షుల్ని చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి, వలస పక్షులుండేది అప్పుడే. చెరువు, అడవి, గుట్టలు ఒక్కచోటే కావాలంటే నర్సంపేట దగ్గరి పాకాల. కాకతీయుల కాలం నాటి చెరువు, చుట్టూ అభయారణ్యం.

కానీ మొదటిసారైతే సంగారెడ్డి దగ్గరి మంజీర అభయారణ్యానికే వెళ్లమంటాను. అక్కడ పెయింటెడ్ స్టార్క్ కొంగ మేత మేసే తీరు తప్పక చూడాలి. లోతు తక్కువ నీళ్లలో నిలబడి, ముక్కు సగం తెరిచి నీళ్లలో ముంచి, అటూ ఇటూ ఆడిస్తుంది. కాలితో బురద కదుపుతుంది. చేప ముక్కుకు తగిలిందా, టక్కున మూసేస్తుంది. కళ్లతో వెతికే పని లేదు కాబట్టి మురికి నీళ్లలోనూ దానికి తిండి దొరుకుతుంది. తల మీద రెండు నల్ల చారలున్న పట్టెతల బాతులు కనిపిస్తే ఇంకాసేపు ఆగండి, హిమాలయాలు దాటి వచ్చినవి అవి.

ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట సంగతి వేరు. ఆ కొండ చరియలు పొడుగు ముక్కు రాబందులు గూళ్లు కట్టిన చోటు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వేసిన పశువుల కళేబరాలు తిని దేశమంతా రాబందులు కుప్పకూలాయి. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. గూళ్ల కాలంలో దగ్గరికి పోకండి, అటవీ శాఖను అడిగాకే బయల్దేరండి.

బైనాక్యులర్ 8×42ది (8 రెట్లు పెద్దగా చూపే, 42 మి.మీ. కటకం ఉన్నది) చాలు. తెల్లవారకముందే చేరుకుని, ఎండ వీపున పడేలా నిలబడండి. ఎదురెండలో ఏ పక్షయినా నల్లగానే కనిపిస్తుంది.