కొట్టేసిన వాక్యం

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కాగితాలు అందాయి. ఈమధ్య చదివిన పుస్తకాల మీద మొహమాటం లేకుండా రాశాను, చూడమన్నావు. చూశాను. వాక్యం బాగా నడుస్తోంది. కానీ రావిశాస్త్రి నవల ‘అల్పజీవి’ గురించి రాసినచోట ఒక వాక్యం కొట్టేశావు. వెలుతురుకి పట్టి చదివాను: ‘గవరయ్యని తలుచుకుని సుబ్బయ్య భయపడుతుంటే మా నాన్న గుర్తొచ్చి పుస్తకం మూసేశాను.’ దాని మీద ‘మధ్యతరగతి భయాన్ని రావిశాస్త్రి అద్భుతంగా ఆవిష్కరించారు’ అని రాశావు. చాలా కోపం వచ్చింది తల్లీ. అందుకే వెంటనే ఈ ఉత్తరం.

ఆ రెండోది పుస్తకం తెరవకుండా ఎవరైనా రాస్తారు. మొదటిది నువ్వొక్కదానివే రాయగలవు. చదువుతుంటే ఏ పేజీలో నీకేమైందో అది చెప్పు. ఎక్కడ ఆగిపోయావు, ఎక్కడ విసుగేసి పేజీలు తిప్పేశావు, ఎక్కడ అన్నానికి పిలిచినా లేవలేదు. మిగతాదంతా అట్ట వెనకే ఉంటుంది.

‘కాలాతీత వ్యక్తులు’ నవలకి మూడు స్టార్లిచ్చి, ‘ఇందిర మంచిది కాదు, అందుకే నచ్చలేదు’ అన్నావు. తండ్రిని పోషించుకుంటూ, ఉద్యోగం చేసుకుంటూ, ప్రకాశం లాంటి పిరికివాడి మీద ఆశ పెట్టుకుని, అది కాస్తా పోతే ఏడుస్తూ కూర్చోకుండా తన దారి తను చూసుకున్న మనిషమ్మా ఇందిర! 1950ల చివర్లో, ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా, ఒక ఆడమనిషిని అలా నిలబెట్టారు డాక్టర్ పి. శ్రీదేవి. 1961లో పోయారావిడ. నవలగా మనకి మిగిలింది ఆ ఒక్కటే. నచ్చకపోతే నచ్చలేదనే రాయి, నాకేం అభ్యంతరం లేదు. ఇందిర ఏ మాట అన్నప్పుడు నీకు ఒళ్లు మండిందో ఆ మాట చూపించు. అప్పుడు ఇందిరంటే ప్రాణం పెట్టే నాలాంటివాడు కూడా కూర్చుని నీతో వాదిస్తాడు. మూడు స్టార్లతో ఏమని వాదించను?

నీకు ఈ అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. కుర్రతనంలో ఒక వారపత్రికకి సమీక్షలు రాసేవాణ్ణి. ఒక పేరున్న రచయిత నవల మీద ‘సగం దాటాక కథ ఆగిపోయి ఉపన్యాసం మొదలైంది’ అని రాస్తే, అచ్చులో అది ‘ద్వితీయార్ధం ఆలోచింపజేస్తుంది’ అయి కూర్చుంది. వెళ్లి అడిగితే ఎడిటర్‌గారు ‘ఆయన మనకి కావలసినవాడయ్యా’ అన్నారు. ఆ రోజే మానేశాను. అప్పట్లో ఇంట్లో బియ్యానికి ఆ సమీక్షల డబ్బే ఆధారం, అయినా మానేశాను. ఆ పత్రికలన్నీ కలిసి ఒక పద్ధతి స్థిరపరిచాయి: కథ సారాంశం, నాలుగు పొగడ్తలు, పేజీలు, వెల, ప్రతులు దొరికేచోటు. చదివినవాడు ఏమయ్యాడో అందులో ఎక్కడా ఉండదు. ఆవిష్కరణ సభలకి పుస్తకం తెరవకుండా వచ్చి అరగంట మాట్లాడేవాళ్లని చూస్తే నాకిప్పటికీ కడుపు మండుతుంది.

ఏ పత్రికకి పంపాలి, పుస్తకంగా ఎవరు వేస్తారు అని అడిగావు. ఇప్పట్నుంచే ఆ టెన్షన్ వద్దు. ముందు ‘అల్పజీవి’ మీద రాసింది మళ్లీ రాయి. నాన్నగారు చదివి బాధపడతారని భయమైతే ‘మా ఇంట్లో ఒకరు’ అను, చాలు. ఇందిర మీద నీ కోపం కూడా పేజీ నంబరుతో సహా రాసి పంపు. వాట్సాప్‌లో వద్దు, పోస్టులోనే పంపు. నా ప్రతి తీసి పక్కన పెట్టుకుంటాను.