కొండ రైతు, నడకకు వచ్చే జనం, మధ్యలో ఒక గేటు

క్రితం నెల ఇంగ్లండ్ ఉత్తరాన కొండల మీద గొర్రెలు మేపుకునే రైతుల గురించి కొంచెం రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే చోట ఆగాయి. రైతు భూమిలో బయటివాళ్లు తిరగడం ఏమిటి, పాత గోడలూ కొట్టాలూ కాపాడే బాధ్యత రైతుదేనా, దీనికి ఆ రైతులు ఏమంటున్నారు అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఈ ఒక్క విషయానికే.

ప్రశ్న: నేను లీడ్స్‌లో చదువుకుంటున్నాను. సెలవు రోజున స్నేహితులతో యార్క్‌షైర్ డేల్స్‌లో నడకకు వెళ్తే దారి నేరుగా ఒకాయన గొర్రెల పొలం మధ్యలోంచి పోయింది. ఆయన మమ్మల్ని ఆపలేదు గానీ మా వెంట ఉన్న కుక్కను చూసి గట్టిగా కేకలేశాడు. మేం అక్కడ నడవడం తప్పా? ఆ రైతులకు మాలాంటివాళ్లంటే పడదా?
(ఒక విద్యార్థిని, లీడ్స్)

జవాబు: నడవడం తప్పు కాదు, అది మీ హక్కు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇలా ప్రైవేటు భూముల మీదుగా పోయే అధికారిక దారులు దాదాపు 2,25,000 కిలోమీటర్లు ఉన్నాయి. భూమి చేతులు మారినా దారి పోదు. ఇవి కాకుండా 2000 సంవత్సరంలో వచ్చిన చట్టం వల్ల కొండలు, మూర్ అనే చెట్లు లేని ఎత్తు బీళ్లు, రిజిస్టరైన ఉమ్మడి భూముల్లో దారి వదిలి కూడా కాలినడకన తిరగొచ్చు. ఇది ఊరికే రాలేదు. ఒకప్పుడు ఆ బీళ్లను భూస్వాములు వేట కోసం కాపలా పెట్టి మూసేసేవాళ్లు. 1932 ఏప్రిల్ 24న పీక్ డిస్ట్రిక్ట్‌లోని కిండర్ స్కౌట్ కొండ మీదికి వందల మంది, ఎక్కువగా మాంచెస్టర్ చుట్టుపక్కల పనిచేసుకునే కుర్రాళ్లు, కావాలనే వెళ్లారు. వాళ్లలో ఐదుగురు జైలుకు పోయారు. 1949లో నేషనల్ పార్కుల చట్టం, 1951లో మొదటి నేషనల్ పార్కుగా అదే పీక్ డిస్ట్రిక్ట్, ఇవన్నీ ఆ తర్వాతి మాట.

ఇక ఆయన కేకలేసింది మీ మీద కాదు, కుక్క మీద. కొండ రైతు ఎవరిని కదిలించినా ముందు వచ్చే మాట కుక్కే. చూడి గొర్రె వెంట కుక్క పడితే కరవక్కర్లేదు, ఆ పరుగుకూ బెదురుకే ఈచుకుపోవచ్చు. ఇంకోటి చాలామందికి తెలియదు: కుక్క మలం మేతలో కలిస్తే నియోస్పోరా అనే పరాన్నజీవి ఆవులకు సోకి, చూడి ఆవులు ఈచుకుపోతాయి. మనం సంచిలో తీయకుండా వదిలేసింది ఆ రైతుకు ఒక దూడ నష్టం. 2000 చట్టం కింద తెరిచిన భూముల్లో మార్చి 1 నుంచి జులై 31 దాకా కుక్కను రెండు మీటర్లకు మించని తాడుతో పట్టుకోవాలి, పశువుల దగ్గరైతే ఏడాది పొడుగునా అంతే. మీరు వెళ్లింది ఏప్రిల్‌లో అయితే అది సరిగ్గా గొర్రెలు ఈనే కాలం, ఆ రోజుల్లో ఆయన రాత్రుళ్లు నిద్ర కూడా సరిగా పోయి ఉండడు. ఆ టెన్షన్‌లో వచ్చిన కేక అది. మనసులో పెట్టుకోకండి.

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా, నేనూ రైతునే. అక్కడ జనాన్ని నడవనిస్తే, పాత కట్టడాలు కాపాడితే ప్రభుత్వమే రైతుకు డబ్బిస్తుందని విన్నాను. అంత బాగుంటే వాళ్లు ఎగిరి గంతేయాలి కదండీ, మరి ఎందుకు వెనకాడుతున్నారు?
(ఒక రైతు, గుంటూరు జిల్లా)

జవాబు: మీరు అడగాల్సిన మాటే అడిగారు, దీనికి కాస్త పొడుగ్గానే చెప్పాలి.

యూరోపియన్ యూనియన్‌లో ఉన్నన్నాళ్లూ అక్కడ రైతుకు సాయం ప్రధానంగా హెక్టారు లెక్కన వచ్చేది. ఎంత భూమి ఉంటే అంత. బయటికొచ్చాక ఇంగ్లండ్ ఆ పద్ధతి మార్చింది. ప్రజల డబ్బు ప్రజలకు పనికొచ్చే పనికే ఇవ్వాలన్నది 2020 వ్యవసాయ చట్టం వెనకున్న ఆలోచన. ప్రభుత్వం ఏ పనులకు సాయం చేయవచ్చో ఆ చట్టం వరసగా చెప్పింది. అందులో నేల, నీరు, పశువుల బాగుతో పాటు, పల్లెసీమను జనం చూసి ఆనందించే వీలు కల్పించడం ఒకటి, సాంస్కృతిక వారసత్వాన్ని కాపాడేలా భూమిని చూసుకోవడం ఒకటి. పాత సాయాన్ని 2021 నుంచి ఏటా కోస్తూ 2027తో ముగించాలని నిర్ణయించారు. కొండ మీద గొర్రెల మీద మిగిలేది తక్కువ, చాలా ఇళ్లు నడిచేది ఆ సాయంతోనే. ఉన్నది కోసేస్తున్నప్పుడు, కొత్తది ఎంత వస్తుందో, ఎన్నాళ్లు వస్తుందో తెలియనప్పుడు ఏ రైతైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. మీరైనా అంతే కదా.

రెండో భయం, ఒకసారి ఇచ్చిన దారి మళ్లీ తిరిగిరాదని. అక్కడి 1980 రహదారుల చట్టం ప్రకారం ఒక దారిలో జనం 20 ఏళ్లు అడ్డూ ఆపూ లేకుండా, ఎవరి అనుమతీ అడగకుండా నడిస్తే, దాన్ని ప్రజలకు ఇచ్చేసినట్టే లెక్క కట్టవచ్చు. అనుమతితో నడిపించిన దారికి ఇది వర్తించదు, బోర్డు పెట్టి, కౌన్సిల్ దగ్గర పటంతో సహా ప్రకటన దాఖలు చేసుకుంటే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. కానీ తాతల నాటి నుంచి భూమి పట్టుకుని ఉన్న మనిషికి చట్టం లోతుపాతులకంటే ‘ఇస్తే పోతుంది’ అన్న మాటే బలంగా వినిపిస్తుంది. ఆ భయాన్ని తేలిగ్గా తీసేయడం నాకు ఇష్టం లేదు.

మూడోది, డబ్బిస్తామని చెప్పి తర్వాత ఆపేయడం. గతంలో పదేళ్ల ఒప్పందాల్లో రైతు ఇష్టపడి దారి ఇస్తే దానికి డబ్బిచ్చేవాళ్లు. 2010 ప్రాంతంలో కొత్త ఒప్పందాల్లో దానికి డబ్బివ్వడం మానేశారు. పాత ఒప్పందం గడువు తీరాక దారి ఉంచాలా మూయాలా అన్నది రైతు నెత్తిన పడింది. ఉంచితే ఊరికే చేసినట్టు, మూస్తే ఊళ్లో చెడ్డపేరు. ఇలాంటిది ఒకసారి చూసినవాళ్లు మళ్లీ సంతకం పెట్టమంటే ఎందుకు పెడతారు?

వీటికి తోడు ఖర్చుల గొడవ. అధికారిక దారి నేల బాగోగులు ఎక్కువగా స్థానిక కౌన్సిల్ చూడాలి. గేట్లు, కంచె దాటే మెట్లు మాత్రం భూమి యజమాని చూసుకోవాలి, కౌన్సిల్ కనీసం పాతిక శాతం ఇవ్వాలి. మిగతా ముప్పావు వంతు, కర్రా మేకులూ కూలీ, రైతుదే. ఎవరైనా పడితే, ఆవు పొడిస్తే కేసు ఎవరి మీదికి వస్తుందన్న బెంగ వేరే.

నాకు అనిపించేది ఒకటే. దారి బాగు చేయడం, గోడ నిలబెట్టడం, వచ్చిన పిల్లలకు గొర్రెల గురించి చెప్పడం, ఇవన్నీ పని. పనిని పనిగా గుర్తించి ఏళ్ల తరబడి మారని కూలి ఇస్తామంటే రైతులు కాదనరు. దారి ఎటు పోతే మందకు ఇబ్బంది ఉండదో ముందే వాళ్లనే అడిగితే సగం గొడవ అసలు పుట్టదు. ఆఫీసులో పటం మీద గీత గీసుకుని వచ్చి సంతకం అడగడమే చిక్కు.

ప్రశ్న: రాతి గోడలూ పాత కొట్టాలూ ఫొటోల్లో ఎంతో బాగుంటాయి. వాటిని కాపాడటం రైతులకు ఇష్టమేనా, లేక టూరిస్టుల కోసం బలవంతంగా చేస్తున్నారా?
(ఒక ఉపాధ్యాయిని, వరంగల్)

జవాబు: గోడలంటే వాళ్లకు నిజంగా అభిమానం. సున్నం, సిమెంటు ఏమీ లేకుండా రాయి మీద రాయి ఒడుపుగా పేర్చి కట్టినవి అవి. ఏ గోడ ఏ తాత కట్టాడో చెప్పగలిగే ఇళ్లున్నాయి. పైగా గోడ మందను ఆపుతుంది, మంచుగాలికి గొర్రెలు దాని చాటున నిలబడతాయి, కాబట్టి ఈరోజుకీ దానికి పని ఉంది. ఈమధ్యటి పథకంలో రాతి గోడను రెండు వైపులా చూసుకుంటే 100 మీటర్లకు ఏడాదికి 27 పౌండ్లు పెట్టారు. రోజూ చూసుకుంటూ ఉండడానికి అది సరేగానీ, కూలిపోయిన గోడను మళ్లీ లేపడం చేయితిరిగినవాడికైనా రోజుకు కొద్ది మీటర్ల పని.

కొట్టాల సంగతి వేరు. స్వేల్‌డేల్ లోయలో పొలానికొకటి అన్నట్టు కనిపించే ఆ రాతి కొట్టాల్లో కింద ఆవులు, పైన ఎండుగడ్డి ఉండేవి. ఇప్పటి ట్రాక్టరు వాటి గుమ్మంలో పట్టదు. పనికిరాని కట్టడానికి కప్పు వేయడానికి వేల పౌండ్లు పెట్టమంటే రైతు నోరు మెదపడు. 2018లో డార్ట్‌మూర్, లేక్ డిస్ట్రిక్ట్ లాంటి ఐదు నేషనల్ పార్కుల్లో ప్రయోగంగా ఇలాంటి కట్టడాల మరమ్మతుకు 80 శాతం దాకా ఇచ్చారు. అలా ఇస్తే పని జరుగుతుంది.

ఫొటోలో కనిపించని వారసత్వం ఇంకోటి ఉంది, నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది అదే. లేక్ డిస్ట్రిక్ట్ కొండల మీద హెర్డ్‌విక్ అనే జాతి గొర్రెలకు కంచె ఉండదు. తల్లి వెంట తిరిగి పిల్ల తన మేత నేల ఎక్కడిదాకో నేర్చుకుంటుంది, ఆ ఎల్లలోనే ఉండిపోతుంది. అందుకే అక్కడ పొలం చేతులు మారినప్పుడు మంద కూడా పొలంతోనే ఉండడం పాత పద్ధతి. 2001లో గాలికుంటు వ్యాధి వచ్చి, అది పాకకుండా దేశంలో 60 లక్షలకు పైగా పశువుల్ని చంపేసినప్పుడు, లేక్ డిస్ట్రిక్ట్ ఉన్న కుంబ్రియా ప్రాంతపు రైతులు ఏడ్చింది డబ్బు కోసం మాత్రమే కాదు, ఈ నేర్పు ఉన్న మందలు పోతే మళ్లీ కొని తెచ్చుకోలేరు. 2017లో యునెస్కో లేక్ డిస్ట్రిక్ట్‌ను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినప్పుడు ఈ గొర్రెల పెంపకమూ అందులో భాగమే. ఇప్పుడు ప్రకృతి కోసం గొర్రెలు తగ్గించమని ఒక పథకం అంటుంది, వారసత్వం కాపాడమని ఇంకో పథకం అంటుంది. ఈ రెండూ ఒకే రైతు గుమ్మం ముందుకు వచ్చి నిలబడుతున్నాయి. మూర్ బీళ్లు మేత ఎక్కువై పాడైన మాటా నిజమే, కాబట్టి తగ్గించడమే తప్పని నేను అనను. ఎంత తగ్గితే మంద తన ఎల్లలు మరిచిపోతుందో కాపరికి తెలుసు. ఆ లెక్క వేసేటప్పుడు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకోవాలి.

ప్రశ్న: ఆ కొండల మీద టెంట్ వేసుకుని పడుకోవచ్చా?
(ఒక పాఠకుడు, బర్మింగ్‌హామ్)

జవాబు: ఇంగ్లండ్‌లో భూమి యజమాని ఒప్పుకోకుండా కుదరదు. డార్ట్‌మూర్ ఉమ్మడి బీళ్లు ఒక్కటే వేరు, అక్కడ ఆ హక్కు ఉందని 2025 మే నెలలో సుప్రీంకోర్టు తేల్చింది. స్కాట్లండ్‌లో 2003 చట్టం వల్ల బాధ్యతగా ఉంటే చాలాచోట్ల వేసుకోవచ్చు.

ప్రశ్న: రైతులందరిదీ ఇదే మాటా? మా అబ్బాయి వాళ్లు ఒక పొలం ఇంట్లోనే రెండు రోజులు ఉన్నారు, వాళ్లెంతో ఆదరంగా చూశారట. మళ్లీ వెళ్తే ఏం జాగ్రత్తలు తీసుకోమంటారు?
(ఒక గృహిణి, విజయవాడ)

జవాబు: అందరిదీ ఒకే మాట కాదండీ. మీ అబ్బాయి వాళ్లు ఉన్నట్టు ఇంట్లో గదులు అద్దెకిచ్చేవాళ్లకు, టీ దుకాణం నడిపేవాళ్లకు నడకకు వచ్చేవాళ్లే ఆదాయం. 2001లో ఆ వ్యాధి వల్ల దారులన్నీ మూసినప్పుడు కొండ ఊళ్లలో హోటళ్లు, దుకాణాలు ఎలా వెలవెలబోయాయో వాళ్లు మరిచిపోలేదు. బడి పిల్లల్ని పొలానికి రమ్మనే రైతులూ ఉన్నారు. కారు పార్కింగ్ పక్కనే పొలం ఉన్నాయనకు మాత్రం ఆదివారం వచ్చిందంటే ట్రాక్టరు బయటికి తీయడానికే దారి దొరకదు. ఆయన ఖర్చు ఆయనది, లాభం ఊళ్లో హోటలుది. కౌలు రైతుకు ఇంకో చిక్కు, దారి ఇవ్వాలన్నా కట్టడం ముట్టుకోవాలన్నా యజమాని ఊ అనాలి. రైతులు ఏమంటున్నారు అని అడిగేవాళ్లు ముందు ఏ రైతు అని అడగాలి.

జాగ్రత్తలంటారా, గేటు ఎలా కనిపిస్తే అలాగే వదలమనండి, తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి, నీళ్ల కోసం మందను అటు వదిలి ఉంటారు. గోడలెక్కి దూకకూడదు, ఒక్క రాయి కదిలితే వరస మొత్తం జారుతుంది. దూడలున్న ఆవుల మధ్యలోంచి వెళ్లకుండా చుట్టూ తిరిగి వెళ్లాలి. కుక్క వెంట ఉండి ఆవులు తరుముకొస్తే కుక్క తాడు వదిలేయమనండి, ఆవులు కుక్క వెంట పడతాయి, అది ఎలాగో తప్పించుకుంటుంది, మనిషి తప్పించుకోలేడు.