అవ్వతో ఇటాలియన్ హోటల్‌కు వెళ్ళే ముందు

చిరంజీవి చిన్నమ్మికి పెదనాయన ఆశీస్సులు.

మొదటి జీతం రాగానే ఇంటిల్లిపాదినీ తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డు పక్కనున్న ఇటాలియన్ రెస్టారెంట్‌కు తీసుకెళ్తానన్నావని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. మెనూ అర్థం కాదేమో, అవ్వ ఏమీ తినకుండా లేచి వచ్చేస్తుందేమో, బిల్లు చూసి మీ నాయన మొహం మాడ్చుకుంటాడేమో అని నీకు టెన్షన్‌గా ఉందట. మద్రాసు హోటళ్ళలో సర్వర్లను చూసుకునే కెప్టెన్‌గా ఇట్లాంటి టేబుళ్ళు చాలానే చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నా.

శనివారం మాత్రం పెట్టుకోవద్దు. మనింట్లో సగం మందికి ఆ రోజు ఒక్కపొద్దు. పైగా శని, ఆదివారాల్లో కొండకు వచ్చే జనంతో తిరుపతిలో ఏ హోటల్లోనూ కాలు పెట్టే చోటుండదు. వెంకన్నకు మొక్కులు తీర్చుకునే పెరటాసి నెలైతే ఆ మాటే ఎత్తకు. మంగళవారమో బుధవారమో సాయంత్రం ఏడుకల్లా కూర్చోండి. అప్పుడు వంటింట్లో తొందర ఉండదు, నువ్వు అడిగేవాటికి నిలబడి జవాబు చెప్పే తీరిక సర్వర్‌కు ఉంటుంది. నువ్వు అడగాల్సినవి చాలానే ఉన్నాయి.

బోర్డు మీద ఇటాలియన్ అని రాసున్నా లోపల దొరికేదాంట్లో సగం అమెరికా వంట. 1880 నుంచి 1920 దాకా దాదాపు 40 లక్షల మంది ఇటలీ నుంచి అమెరికాకు వలస పోయారు. వాళ్ళలో ఎక్కువమంది దక్షిణ ఇటలీ పేదలు. సొంతూళ్ళో పండక్కో పబ్బానికో తప్ప మాంసం ఎరగని వాళ్ళకు అక్కడ అది చౌకగా దొరికింది. పొడుగు పోగుల పాస్తా స్పగెట్టి మీద మాంసం ఉండలు పెట్టి వడ్డించడం అట్లా మొదలైంది. వంకాయతో చేసే పార్మిజానాలోకి కోడి దూరింది. రోములో వెన్న, చీజ్‌తో మాత్రమే చేసే ఆల్ఫ్రెడో పాస్తాలో క్రీమ్ పోయడమూ అమెరికా అలవాటే. ఈ చరిత్రంతా ఎందుకంటావా? లేమి తర్వాత కలిమి చూసినవాళ్ళు పెట్టిన ప్లేటు అది. పెద్దగా ఉంటుంది, బరువుగా ఉంటుంది. బిర్యానీ చెప్పినట్టు తలా ఒకటి చెప్పావంటే సగం టేబుల్ మీదే మిగిలిపోతుంది.

కాబట్టి అన్నీ మధ్యలో పెట్టించి అందరూ పంచుకోండి. మనం ఏడుగురం కదా, మొదట సూప్ వన్ బై టూ, గార్లిక్ బ్రెడ్ ఒక ప్లేటు, పిజ్జాలు రెండు, పాస్తాలు రెండు చెప్పు, చాలు. చాలకపోతే మళ్ళీ చెప్పొచ్చు గానీ, ఒకసారి చెప్పినదాన్ని వంటింట్లో మొదలుపెట్టాక వాపసు తీసుకోరు. అన్నీ ఒకేసారి తేవద్దని సర్వర్‌కు ముందే చెప్పు. పాస్తా ఆరిపోతే ముద్దకడుతుంది, చీజ్ సాగడం పోయి రబ్బరవుతుంది.

పాస్తాలు రెండూ వైట్ సాస్‌వే చెప్పకు. మన ఊళ్ళలో వైట్ సాస్ అంటే చాలాచోట్ల మైదా, వెన్న, పాలు. నాలుగు చెంచాలకే మొహం మొత్తుతుంది. ఒకటి రెడ్ సాస్‌లో ఉండనీ. ఎండుమిరపకాయ, వెల్లుల్లి, టమోటాతో చేసే ఆరబ్బియాటా అని ఉంటుంది, మన రాయలసీమ నాలుకకు అది సరిపోతుంది. కొంచెం కారం పెంచమంటే పెంచుతారు. మదనపల్లె టమోటాకు అలవాటుపడిన మీ నాయన పులుపు చాలలేదంటాడు, పట్టించుకోకు. పిల్లలకైతే రెడ్, వైట్ రెండూ కలిపిన పింక్ సాస్. పాస్తాను పలుకు మీదే దించుతారు, ఉడకలేదని వెనక్కి పంపకండి. అవ్వకు పళ్ళతో ఇబ్బంది కాబట్టి తన వరకు ఇంకాస్త ఉడికించమని చెప్పు.

ఇక అసలు సంగతి అవ్వది. మాంసం, గుడ్డు ముట్టదు కదా. ‘అంతా వెజ్జే మేడమ్’ అంటాడు సర్వర్. వాడు అబద్ధం చెప్పడు, వాడికి తెలిసింది అంతే. పాలు విరిచి చీజ్ చేయడానికి రెనెట్ అనే పదార్థం వాడతారు. పాతకాలపు పద్ధతిలో దాన్ని లేగదూడ కడుపులోంచి తీస్తారు. ఇటలీ నుంచి వచ్చే అసలైన పార్మిజానో రెజ్జానో చీజ్‌కైతే దూడ రెనెట్టే వాడాలని నిబంధన. ఈ సంగతి తిన్న తర్వాత అవ్వకు తెలిస్తే ఏమవుతుందో నీకు వేరే చెప్పాలా! అట్లా అని చీజ్ మొత్తం మానుకోనక్కర్లేదు. సూక్ష్మజీవులతో తయారయ్యే రెనెట్ కూడా ఉంది, మన దేశంలో చేసే చీజ్‌లో ఎక్కువగా దాన్నే వాడతారు. ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉందా అని అడుగు, నమ్మకం కుదరకపోతే ప్యాకెట్ తెచ్చి చూపించమను. పద్ధతైన హోటలు వాళ్ళు దీనికి విసుక్కోరు. బేసిల్ ఆకుతో నూరే పెస్టో అనే పచ్చడిలో కూడా చీజ్ ఉంటుంది, అదీ కనుక్కో.

సీజర్ సలాడ్ పేరు చూసి ఆకుకూరే కదా అనుకోవద్దు, దాని డ్రెస్సింగ్‌లో ఆంకోవీ అనే చిన్న చేప వేస్తారు. మయొనీజ్‌లో గుడ్డు ఉండొచ్చు, ఎగ్‌లెస్ అయితేనే అవ్వకు పెట్టు. ఎండు పాస్తా మామూలుగా గోధుమ రవ్వ, నీళ్ళే. అక్కడికక్కడ చేసే తాజా పాస్తాలో మాత్రం గుడ్డు కలిపే అలవాటుంది. స్వీట్లలో తిరమిసులో గుడ్డు, ఒక్కోచోట మద్యం కూడా ఉంటుంది. పన్నకోటాలో జెలటిన్ ఉంటుంది, అదీ జంతువుల నుంచి వచ్చేదే. ఇవన్నీ అవ్వ ముందు అడగొద్దు. ముందురోజే ఫోన్ చేసి కనుక్కుని, అవ్వకు ఏం చెప్పాలో చీటీ మీద రాసుకో. తన పిజ్జాను వేరే కత్తితో కోయమని మాత్రం అక్కడికెళ్ళాక మళ్ళీ గుర్తు చెయ్. మీ నాయన చికెన్ చెప్పక మానడు, వాణ్ణి టేబుల్‌కు ఆ చివర కూర్చోబెట్టు.

ఫోర్కు పట్టడం రాకపోతే చెంచా అడగండి, పిజ్జా చేత్తోనే తినండి. ఎవరూ ఏమీ అనుకోరు.

బిల్లు వచ్చాక కింద దాకా చదువు. మామూలు రెస్టారెంట్లో జీఎస్టీ 5 శాతం. సర్వీస్ ఛార్జి అని వేరే గీత కనిపిస్తే తీసేయమని అడగొచ్చు. దాన్ని బిల్లులో తప్పనిసరిగా కలపకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే మాట అంది. తీసేది లేదని మొండికేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. గొడవ మాత్రం వద్దు, మెల్లగా అడిగితే చాలాచోట్ల తీసేస్తారు. ఓపిగ్గా జవాబులు చెప్పిన సర్వర్‌కు టిప్పు అతని చేతికే ఇవ్వు. పాత కెప్టెన్ కాబట్టి ఇట్లా చెప్తున్నాడనుకున్నా ఫరవాలేదు.

మిగిలితే పిజ్జా పార్సిల్ కట్టించు, మర్నాడు పెనం మీద సన్న సెగన మూతపెట్టి వేడి చేస్తే అడుగు కరకరలాడుతుంది. క్రీమ్ వేసిన పాస్తా మాత్రం వద్దు. మీరు చిత్తూరులో ఇల్లు చేరేసరికి గంటన్నర పైనే, ఎండాకాలం కూడాను, పాడైపోతుంది.

నేను తిరుపతిలోనే ఉన్నాను కదా, నేరుగా అక్కడికే వచ్చేస్తా. ఏ రోజో ఖాయం చేసి ఫోన్ చెయ్.

ఇట్లు,
పెదనాయన