రావాల్సిన జీతం మీద అప్పు చేయకండి

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో అకౌంటెంట్‌గా పనిచేస్తున్నాను. చేరి 4 ఏళ్ల 10 నెలలు అయింది. జీతం 32,000, అందులో బేసిక్, డీఏ కలిపి 18,000. రెండు నెలల జీతం బాకీ ఉంది. సీజన్ డబ్బు వచ్చాక ఇస్తామంటున్నారు. ఇల్లు గడవక నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్షన్నర తెచ్చాను. విజయవాడ ఆటోనగర్‌లో ఉద్యోగం దొరికింది, వెంటనే చేరమంటున్నారు. నోటీసు ఇవ్వకుండా వెళ్తే పీఎఫ్, గ్రాట్యుటీ రావని మా యజమాని బెదిరిస్తున్నారు. సెటిల్‌మెంట్, పీఎఫ్ డబ్బులు ఎలాగూ వస్తాయి కాబట్టి, విజయవాడకు ఇల్లు మారడానికి ఇంకో లక్ష తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఆ లక్ష తీసుకోవద్దు. మీ ఉత్తరానికి జవాబు రాయడానికి కారణమే ఆ చివరి వాక్యం. ఎలాగూ వచ్చే డబ్బే కదా అని యజమాని బాకీని చూసుకుని అప్పు చేసేవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తుంటారు. జీతం మీ హక్కు, నిజమే. తర్వాతి నెల 7వ తేదీలోపు జీతం ఇవ్వాలని, ఉద్యోగం మానేస్తే రెండు పనిదినాల్లో బకాయిలు తేల్చాలని 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ అనే కేంద్ర చట్టం చెబుతోంది. కానీ ఆ హక్కు మీ చేతికి డబ్బుగా మారడానికి ఎన్ని నెలలు పడుతుందో ఎవరూ చెప్పలేరు. వడ్డీ మాత్రం ప్రతి నెలా ఠంచనుగా కట్టాలి. లక్షన్నరకు నెలకు 4,500 కడుతున్నారు. ఏడాదికి 54,000. ఇప్పుడు లెక్క వేసి చూపిస్తాను, మీకు రాబోయే గ్రాట్యుటీ, అంటే ఐదేళ్లు పనిచేసినందుకు మానేసేటప్పుడు యజమాని ఇచ్చే మొత్తం, అంతకన్నా తక్కువ.

ఐదేళ్లు నిండితే బేసిక్, డీఏ 18,000ను 26 పనిదినాలతో భాగించి, ఏడాదికి 15 రోజుల చొప్పున 15తో, మళ్లీ ఐదేళ్లకు 5తో హెచ్చిస్తే 51,923 రూపాయలు వస్తుంది. మీకింకా రెండు నెలలు తక్కువ. మీ నియామక పత్రంలో నోటీసు ఎంత అని రాశారో తీసి చూడండి. అరవై రోజులైతే మీకు కలిసొచ్చినట్టే. ఇవాళే రాజీనామా రాసి, చివరి పనిదినం ఐదేళ్లు నిండిన తర్వాతి తేదీకి పెట్టండి. ఒక్క వారం అటూ ఇటూ అయి గ్రాట్యుటీ పోగొట్టుకున్నవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. కొత్త యజమానిని రెండు నెలల గడువు అడగండి. లెక్కలు సరిగా అప్పజెప్పి వచ్చే మనిషి ఎవరికైనా కావాలి.

అయితే ఒక షరతు. నోటీసు మొదటి నెల జీతం కూడా 7వ తేదీకి పడకపోతే లెక్క మారిపోతుంది. 52 వేల కోసం ఇంకో 32 వేలు ఇరుక్కుపోయేలా కూర్చోవడం తెలివైన పని కాదు. అప్పుడు ముందే రిలీవ్ చేయమని రాతపూర్వకంగా అడిగి బయటపడండి. బాకీ జీతం కోసం కార్మిక శాఖ అధికారుల దగ్గర ఫిర్యాదు ఇవ్వండి.

యజమాని బెదిరింపు గురించి. పీఎఫ్ ఆపే అధికారం ఆయనకు లేదు, అది మీ ఖాతాలో ఉన్న మీ సొమ్ము. నోటీసు ఇవ్వలేదన్న ఒక్క కారణంతో గ్రాట్యుటీ కొట్టేయడం కూడా కుదరదు. కానీ ఇవ్వని నోటీసు రోజుల జీతాన్ని సెటిల్‌మెంట్‌లో మినహాయించుకునే వీలు మీ ఒప్పందంలో ఉండొచ్చు. చెప్పకుండా మానేయడం మీ వైపు తప్పు కూడా. బస్తాల లెక్కలు, రైతుల బాండ్ల రిజిస్టర్లు, తాళాలు, కంప్యూటర్ పాస్‌వర్డులు అన్నీ అప్పజెప్పి, అందినట్టు సంతకం తీసుకోండి. రేపు ఏదైనా లెక్క తేడా వస్తే మిమ్మల్ని కాపాడేది ఆ కాగితమే.

జీతం ఆలస్యం చేసే సంస్థ పీఎఫ్ సక్రమంగా కడుతోందని నమ్మకండి. ఇవాళ రాత్రే ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో మీ పీఎఫ్ పాస్‌బుక్ తెరవండి. పేస్లిప్పులో పీఎఫ్ కింద కోసిన మొత్తం ప్రతి నెలా అక్కడ కనపడాలి. పూర్తి 18,000 మీద 12 శాతం కోస్తుంటే అది 2,160. యజమాని వాటా కూడా ఉండాలి, అందులో కొంత పెన్షన్‌కు పోవచ్చు. కోసిన డబ్బు కట్టకపోవడం నేరం. నెలలు ఖాళీగా ఉంటే పేస్లిప్పులు దాచుకుని గుంటూరు ప్రాంతీయ పీఎఫ్ కార్యాలయానికి ఫిర్యాదు చేయండి. ఆ పీఎఫ్‌తో అప్పు తీర్చే ఆలోచన మానుకోండి, కొత్త ఉద్యోగానికి అదే యూఏఎన్‌తో (ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ నంబరు) బదిలీ చేయించుకోండి. పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి.

ఇక అసలు జబ్బు, మూడు రూపాయల వడ్డీ. అంటే ఏడాదికి 36 శాతం. ఇది సంసారాన్ని తినేస్తుంది. ఇంట్లో బంగారం ఉంటే మీ శ్రీమతితో మాట్లాడి, బ్యాంకులో గోల్డ్ లోన్ తీసుకుని ఆ బాకీ మొత్తం ఒక్కసారే తీర్చేయండి. ఏడాదికి పది శాతం వడ్డీ అనుకున్నా నెలకు 1,250తో సరిపోతుంది. మిగిలే 3,250ను ముందు అత్యవసర నిధికే వేయండి, అప్పులోకి కాదు. అప్పు తీరుస్తూ చేతిలో రూపాయి లేకపోతే, పిల్లల ఫీజు రాగానే మళ్లీ అదే వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్తారు. మీ ఇంటి ఖర్చు నెలకు 24,000 అనుకుంటే ఒక నెలది మొదట పోగవ్వాలి. ఆ తర్వాత బాకీ జీతం వచ్చినా, గ్రాట్యుటీ వచ్చినా అందులో సగం నిధికి, సగం గోల్డ్ లోన్‌కు. ఆరు నెలల ఖర్చు, అంటే 1,44,000 చేరేదాకా బైకు, టీవీ, ప్లాటు అడ్వాన్సు ఏదీ వద్దు. ఆ నిధే ఉండుంటే రెండు నెలలు జీతం రాకపోయినా మీరు ఎవరి గడపా తొక్కేవారు కాదు. చిట్టీ ఉంటే ఇప్పుడు నష్టానికి పాడుకోవద్దు. మ్యూచువల్ ఫండ్లూ ప్రస్తుతానికి వద్దు.

ఇల్లు మారడం ఇప్పుడు అవసరమే లేదు. గుంటూరు నుంచి విజయవాడకు సీజన్ టికెట్‌తో రైల్లో రోజూ వెళ్లొచ్చేవాళ్లు బోలెడుమంది. కొత్త ఉద్యోగంలో ఆరు నెలలు జీతం సరైన తేదీకి పడుతుందో లేదో చూశాక ఆ సంగతి ఆలోచించండి. మీ కంపెనీ ఆరోగ్య బీమా ఇస్తుంటే అది చివరి పనిదినంతో ఆగిపోవచ్చు, కాబట్టి మానేసేలోపే కుటుంబానికి సొంత పాలసీ తీసుకోండి. ఆ లక్ష ఇస్తానన్న మనిషికి మాత్రం ఇవాళే ఫోన్ చేసి, అక్కర్లేదని చెప్పేయండి.